ఆవిడ వైపు ఇరుసు

ఇలా దగ్గరకు రా, ఈ దుప్పట్లోకి దూరు. రెంచీ మామ సంగతి చెబుతాను, విను.

పంపులు బాగుచేసే ఆయన్ని అందరూ అలాగే పిలిచేవాళ్లు. కారైనా సరే, విప్పడం, బిగించడం ఆయనకు వచ్చు గానీ నడపడం మాత్రం రాదు. నడిపేది ఆయన భార్య. ఆవిడ ఎక్కి హారన్ కొడితే, ఈయన చెప్పులు వెతుక్కుంటూ పరుగెత్తుకొచ్చి పక్కన కూలబడేవాడు. ఆ ఇంట్లో కుడి, ఎడమ అన్న మాటలే లేవు. స్టీరింగు ఉన్నది ఆవిడ వైపు, రెండోది ఈయన వైపు. అంతే.

పోయిన ఏడు ఆవిడ కన్నుమూసింది. అంతకుముందు దాకా ఒకటే పోరు.

"ఏమయ్యా, మలుపు తిప్పితే నా వైపు కటకటమంటోంది. లోకంలో పంపులన్నీ చూస్తావు, ఇదెప్పుడు చూస్తావు?"

"రేపు" అనేవాడు ఈయన.

ఆవిడ పోయాక ఇల్లు మూగబోయింది. ఆ కారు ఒక్కసారి చప్పుడు లేకుండా వీధి మలుపు తిరగడం చూడాలి, ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే. ఆ కటకట, చక్రాన్ని తిప్పే ఇరుసు అరిగిపోయి వచ్చేది. ఆ మోడల్‌కు కొత్త ఇరుసులు రావడం మానేశాయని పాత సామాన్ల కొట్టుకు వెళ్లాడు.

"అబ్బాయ్, మా కారుకు ఇరుసు కావాలి. మా ఆవిడ వైపుది."

"అంటే పక్క సీటు వైపుదేగా బాబాయ్" అని కొట్టతను గుట్టలోంచి ఒకటి లాగి, తుడిచి ఇచ్చాడు.

ఇంటికొచ్చి, కారు జాకీతో ఎత్తి, కిందకు దూరి పాతదాని పక్కన పెట్టి చూస్తే జానెడు పొట్టి! అది ఈయన వైపుది. ఆ ఇనుమును గుండెల మీద పెట్టుకుని చాలాసేపు అలాగే పడుకున్నాడు. "చూశావుటే!" అన్న మాట నోటిదాకా వచ్చింది. వినేదెవరు?

మళ్లీ కొట్టుకు.

"ఇది కాదోయ్. నడిపేది మా ఆవిడ."

"ముందే చెప్పొద్దూ! ఈసారి ఆవిడనే పంపండి, మీతో వేగలేం."

"ఆవిడ లేదబ్బాయ్."

"వచ్చాకే పంపండి."

 మామ మొహం చూశాక గానీ ఆవిడ ఇక రాదని అతనికి తెలియలేదు. పొడుగు ఇరుసు భుజానేసుకుని, కొట్టుకు తాళం పెట్టి, తనే వెంట బయల్దేరాడు.

చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్టు వదలాలంటే లోపల ఒకరు బ్రేకు తొక్కిపట్టాలి. అతను ఎక్కబోతే మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. ఆవిడ పొట్టి మనిషి మరి.

"సీటు వెనక్కి జరపనా?"

"వద్దు! ముట్టుకోకు."

"నన్ను పెట్టెలో సర్దుతున్నారా బాబాయ్?" అంటూనే మోకాళ్లు గడ్డానికి ఆనించి తొక్కాడు. నట్టు కీచుమని వదిలింది. పాత ఇరుసు ఊడివచ్చింది, తెచ్చింది టక్కున కూర్చుంది.

ఇక నడిపి చూడాలి.

"ఇలా ముడుచుకుని నడపలేను. ఎవర్నో గుద్దేస్తాను" అన్నాడతను.

మామ తలుపు బార్లా తెరిచాడు. తర్వాత తనే వంగి, మీట ఎత్తి, సీటు వెనక్కి తోశాడు. కింద పట్టాల మీద అంతా దుమ్మే, సీటు కదిలిన ఆ కాస్త మేర మాత్రం తళతళలాడింది.

కారు మలుపు తిరిగింది.

"విన్నారా బాబాయ్? ఏ చప్పుడూ లేదు."

"ఆఁ, ఏ చప్పుడూ లేదు" అన్నాడు మామ, మొహం కిటికీ వైపు తిప్పుకుని.

ఇది మరిచిపోకు తల్లీ. నీ పక్కన ఇలా ఎవరైనా ముడుచుకుని కూర్చున్నప్పుడు చెప్పు. సీటు ఆయన తనే జరిపాడన్న ముక్క మాత్రం వదిలెయ్యకు.