మండువా మూసేసిన బొమ్మ

రేపల్లెలో అంకమ్మది పాత మండువా పెంకుటిల్లు. సాయంత్రం కరెంటు పోతే వెలుగు లేక జాకెట్ల కుట్టు ఆగిపోతోందని, బ్యాటరీతో సోలారు పలకలు పెట్టించుకోవాలనుకుంది. తెనాలి సోలారు కంపెనీ నుంచి వచ్చిన వాగ్దేవి కొలతలు తీసుకుని, ఇంటి కప్పును ల్యాప్‌టాప్‌లో గీసి చూపించింది.

“దక్షిణపు వాలు మీద పక్కింటి మామిడిచెట్టు నీడ పడుతోందండి. ఎండ చాలదు. కుదరదు పిన్నిగారూ.”

అంకమ్మ ముఖం చిన్నబోయింది. అయినా తెర వంక చూస్తూనే ఉంది.

“మా మండువా ఏదమ్మా? మూసేశావేంటి? వానొస్తే చూరు నీళ్లకి గంగాళం ఎక్కడ పెట్టుకోను?”

వాగ్దేవి నవ్వేసింది. బయటి గోడలు గీయగానే సాఫ్టువేరు ఇల్లంతటికీ కప్పు వేసేసింది. ఆమె అది గమనించలేదు. ఇప్పుడు నడుమ నలుచదరంగా కోసి, చుట్టూ లోపలికి వాలు దించింది. ఉత్తరపు గదుల పెంకు మండువా వైపుకి, అంటే దక్షిణానికే వాలింది. చెట్టు నీడ అక్కడిదాకా రావడం లేదు.

“ఇక్కడ ఎండ బాగా తగులుతుందండి. పలకలు ఇక్కడే పెడదాం.”

“అయితే దసరా జాకెట్లు ఒప్పుకోనా?”

“ఒప్పుకోండి. నాదీ ఒకటి కుట్టాలి.”

“ముందు చెయ్యి చాపు, కొలత తీస్తా” అంది అంకమ్మ, టేపు అందుకుంటూ.