వాడి చూపించండి

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టలేదు. తాకట్టు కొట్టు మామగారి చేతినుంచి తన చేతికొచ్చిన పదకొండేళ్ళుగా అందరికీ ఆమె పరీక్షమ్మే. ఎందుకంటే ఆ కొట్లో ఏ వస్తువునూ ఊరికే తాకట్టు పట్టరు. తెచ్చినవాళ్ళు దాన్ని ఆమె కళ్ళెదుట వాడి చూపించాలి. ఫిడేలు తెస్తే వాయించాలి. కెమెరా తెస్తే రీలు ఎక్కించాలి. కుట్టు మిషను తెస్తే దారం ఎక్కించాలి. సొంతదారు చెయ్యి తడుముకోదు, దొంగ చెయ్యి తడబడకుండా ఉండదు అన్నది ఆమె లెక్క. ఈ సంగతి వీధిలో గోడలకు కూడా తెలుసు.

"తాకట్టు కొట్టే దొంగల్ని పెంచుతోందని మీ మామగారిని జనం ఆడిపోసుకునేవాళ్ళు. ఆ మచ్చ నువ్వు తుడిచేశావే," అని అత్తగారు ఏడాదికి ఒక్కసారి మెచ్చుకునేది. ఆ ఒక్క మెచ్చుకోలునూ పరీక్షమ్మ ఏడాది పొడుగునా నెమరువేసుకునేది.

ఆ మధ్యాహ్నం వాన పడుతోంది. అత్తగారు మూల కుర్చీలో కునుకు తీస్తోంది. మెడలో కొలతల టేపు, చంకలో గుడ్డల సంచితో ఒకామె తడుస్తూ లోపలికి వచ్చింది.

"అమ్మా, నా కుట్టు మిషను నాలుగు రోజుల కిందట పోయింది. కొట్టు కొట్టుకీ తిరుగుతున్నాను. సోమవారానికి బడిపిల్లల బట్టలు నలభై జతలు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ బడి పని ఇంకొకళ్ళకి పోతుంది. నాకున్న పని అదొక్కటే."

"దొంగసొత్తు మా కొట్లోకి రాదమ్మా. వేరే చోట..."

ఆ మాట పూర్తికాలేదు. వచ్చినామె చూపు అరమీద ఆగిపోయింది.

"అదిగో. అదే నాది."

పరీక్షమ్మకు ఒళ్ళు మండింది. అయినా మర్యాద తప్పకుండా మిషను దించి బల్లమీద పెట్టింది. దారపు ఉండ అందించింది.

"మీదే అయితే దారం ఎక్కించండి. మా పద్ధతి ఇదే."

ఆమె స్టూలు మీద కూర్చుని దారం కొసను పళ్ళతో కొరికింది. కొక్కేలు గబగబా దాటించి సూది దగ్గరకు వచ్చింది. దారం బెజ్జం పక్కనుంచి పోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. కళ్ళు చికిలించింది, తుడుచుకుంది. ఐదోసారి కూడా దూరలేదు.

"ఇంక లేవండి," అంది పరీక్షమ్మ.

అత్తగారు ఒక కన్ను తెరిచింది. "అయ్యో పాపం అన్నావంటే ఆ పాపం నీ నెత్తికే చుట్టుకుంటుంది. పంపించెయ్."

"ఇది తెచ్చినాయన రెప్పపాటులో ఎక్కించాడమ్మా. మిషను వైపు చూడనైనా లేదు. వానరోజున చక్రం బిగుసుకుంటుంది, రెండు చుక్కలు నూనె వెయ్యండి అని కూడా చెప్పి వెళ్ళాడు. మరి ఎవరిది అనుకోమంటారు?" అని పరీక్షమ్మ వచ్చినామెను అడిగింది.

ఆమె చేతిలో దారం అలాగే ఉండిపోయింది.

"ఆయనకి ఎడమ కనుబొమ్మ మీద గాటుందా?"

"ఉంది."

"దారం కొస పళ్ళతో కొరికాడా?"

"కొరికాడు. మీకెలా తెలుసు?"

"నేను కొరుకుతాను కాబట్టి." ఆమె దారం బల్లమీద పెట్టేసింది. "మా ఆయనమ్మా."

అత్తగారి రెండో కన్ను కూడా తెరుచుకుంది. ఏదో సామెత నోటిదాకా వచ్చినట్టుంది, మింగేసింది.

"పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కనాడూ మిషను దగ్గరకి రాలేదు. పోయిన నెల కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. 'నీ చూపు మందగిస్తోందే, నేర్పు, ఇకమీదట దారం నేనెక్కిస్తా' అన్నాడు. రోజూ సాయంత్రం కూర్చునేవాడు. కళ్ళు మూసుకుని ఎక్కించడం కూడా సాధన చేశాడు. కళ్ళు మూసుకోవడం ఎందుకయ్యా అంటే, నువ్వు మెచ్చుకోవాలని అన్నాడు. నేను చప్పట్లు కొట్టానమ్మా."

పరీక్షమ్మ బల్ల అంచు పట్టుకుంది. అతను ఆ కుర్చీ లాక్కున్నది పెళ్ళాం కోసం కాదు, ఈ పరీక్షమ్మ కోసం. నెల రోజులు చదివింది తను పెట్టే పరీక్షకే.

"నా మాట నమ్మకపోతే మిషను తిరగేసి చూడండి," అంది కుట్టుపనామె.

ఇద్దరూ పట్టుకుని తిరగేశారు. అడుగు చెక్కమీద పెన్సిలుతో రాసిన కొలతలు, చాతీ, భుజం, చేతి పొడవు, బారులు తీరి ఉన్నాయి. ఆమె సంచిలోంచి తను రాసుకున్న బడిపిల్లల కొలతల కాగితం తీసి పక్కన పెట్టింది. అదే రాత, అవే అంకెలు.

పదకొండేళ్ళలో పరీక్షమ్మ ఏ వస్తువునూ తిరగేసి చూడలేదు. చేతుల్నే చూసింది. ఇప్పుడు అరలవైపు చూడాలంటే భయం వేసింది. అక్కడున్న ఫిడేలు తెచ్చినాయన ఒకే ఒక్క పాట వాయించాడు. ఇంకొకటి వాయించమంటే చెయ్యి నొప్పన్నాడు. ఎంత బాగా వాయించాడో అని ఆ పూట అత్తగారికి కూడా చెప్పింది.

"తీసుకెళ్ళండి. మీ మిషను మీది," అంది ఎట్టకేలకు.

"మరి మనమిచ్చిన డబ్బో?" అంది అత్తగారు.

"పోనివ్వండి అత్తయ్యా."

కుట్టుపనామె కదల్లేదు. "ఇంటికి తీసుకెళ్తే రేపు ఇంకో వీధి తాకట్టు కొట్లో ఉంటుంది. సోమవారందాకా ఈ మూల కూర్చుని కుట్టుకోనివ్వండి. నా కళ్ళకి ఇవాళ బెజ్జం ఆనడం లేదు. ఆ దారం కాస్త మీరు ఎక్కించి పెట్టండి."

పరీక్షమ్మ దారం అందుకుంది. కొక్కేలు చూసింది, రంధ్రాలు చూసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఎందరి చేతనో ఎక్కించింది కానీ తనెప్పుడూ ఎక్కించలేదు.

"మీకు రాదా?" కుట్టుపనామె ఆశ్చర్యపోయింది. తర్వాత స్టూలు దగ్గరకు జరుపుకుని, ఆమె వేలిమీద తన వేలు వేసింది. "కంగారు పడకండి. ముందు పైకి. ఇదిగో, ఈ కొక్కెంలోంచి. ఇప్పుడు కిందికి. ఊపిరి బిగబట్టి, కొసని..."

అక్కడ ఆగిపోయింది. పోయిన నెలంతా ప్రతి సాయంత్రం మొగుడికి తను చెప్పిన మాటలే అవి.

పరీక్షమ్మ వేలు ఆమె వేలి కింద బిగుసుకుపోయింది. దారం కొస సూది ముందు గాలిలో అలాగే ఆగి ఉంది.