అచ్చు లోపలికి

టైరును రిమ్ము మీంచి ఊడదీయగానే లోపల్నించి ఆకుపచ్చ జిగురు పొంగి మేస్త్రి మోచేతుల దాకా కారింది. మేకు దిగినా గాలి పోకుండా ఉంటుందని కార్లవాళ్ళు టైర్లలో పోయించుకునే మందు అది. పోసినప్పుడు మందే, కాదనలేం. ఏళ్ళ తరబడి ఆ చీకట్లో మగ్గిన తరవాత మాత్రం కుళ్ళిన గుడ్లనూ మురుగునూ కలిపి కాచినట్టు ఉంటుంది. పొద్దున్నే, గుక్కెడు టీ అయినా గొంతు దిగకముందే ఈ స్నానం!

"థూ, నీ బతుకు చెడ!" అన్నాడు మేస్త్రి. టైరును అన్నాడో తనను తాను అనుకున్నాడో చెప్పడం కష్టం. పక్కన ఎవరూ లేరు కాబట్టి గొడవ లేదు.

యాభై దాటి చాలా కాలమైన మనిషి. చక్రాలు మోసీ మోసీ కుడి భుజం కిందికి దిగిపోయింది. నడుస్తుంటే కనిపించని బకెట్ ఏదో పట్టుకుని నడుస్తున్నట్టు ఉంటాడు. గోళ్ళ సందుల్లో నలుపు పుట్టుమచ్చలా స్థిరపడింది. కుడి బొటనవేలు మాత్రం మిగతా చేతికి సంబంధం లేనంత వెడల్పు. ఇంట్లో ఏ గోడ మీద ముద్ర పడినా అది ఎవరిదో విచారణ అక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో భార్య ఆ ముద్రల్ని చూసి నవ్వేది. తరవాత తుడిచేది. ఇప్పుడు తడిగుడ్డ ఆయన చేతికే ఇస్తుంది.

చేతుల కంపు పోదు. సబ్బు, నిమ్మతొక్క, కిరోసిన్, అన్నీ అయ్యాయి. అందుకే ఆయన అన్నం చెంచాతో తింటాడు. దొరల అలవాటని షాపులో అందరూ ఏడిపిస్తారు. దొరతనం కాదు, పాడు కాదు, ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి కడుపులో తిప్పుతుంది, అంతే.

ఆ కంపు టైర్లలోని జిగురుది కాదు, రబ్బరుదీ కాదు. రబ్బరు వాసనకు మనిషి అలవాటు పడతాడు. అది షాపు వెనక గదిలో డ్రమ్ము నిండా ఉండే పాలిష్‌ది, తియ్యగా, పండి చెడిన పండులా ఉంటుంది. మూతపడ్డ దుకాణాల్లోంచి, ఎండకు ఎండిన గోడౌన్లలోంచి ఎప్పటెప్పటివో అమ్ముడుపోని టైర్లు ఆ గదికి వస్తాయి. వాడినవి కావు, నిజమే. కానీ రబ్బరు కూడా పాలూ పెరుగూ లాంటిదే, వాడకపోయినా ఊరికే ఉండదు. బిరుసెక్కుతుంది, లోలోపల పగులుతుంది. వాటిని కడిగి, పాలిష్ పట్టించి, కొత్తవాటి పక్కన నిలబెడితే తయారుచేసినవాడు కూడా గుర్తుపట్టలేడు. మసి పూసి మారేడుకాయ చేయడం అంటారే, ఆ మసి పూసే ఉద్యోగం మేస్త్రిది.

గుర్తుపట్టే దారి ఒక్కటుంది. ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో నాలుగంకెల అచ్చు టైరు మీద పోసి ఉంటుంది, అదీ ఒక పక్కనే. ఆ పక్క కారు లోపలివైపుకు తిప్పి బిగిస్తే ఇక దాన్ని చూడాలంటే బండి కింద పడుకోవాలి. కారు కొనుక్కున్నవాడు కారు కింద ఎందుకు పడుకుంటాడు? "అచ్చు లోపలికి" అని మేస్త్రి చేరిన కొత్తలో పాత ఓనరు ఒక్కసారి చెప్పాడు. మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. బొటనవేలు అచ్చును తడుముతుంది, చెయ్యి టైరును తిప్పేస్తుంది. మధ్యలో కళ్ళకూ మెదడుకూ పని లేదు.

పాత ఓనరు పోయాక కొడుకు వచ్చి గాజుగదిలో కూర్చున్నాడు. ఆయన పెట్టిన రూలు ఇంకా తేలిక. "అడిగినవాడికి కొత్తది, అడగనివాడికి ఉన్నది." చెప్పి తనే నవ్వుతాడు. మేస్త్రి కూడా నవ్వేవాడు. నవ్విన తరవాత నోరంతా చేదుగా ఉండేది. వెళ్ళి ఉమ్మేసి వచ్చేవాడు. అలా ఉమ్మడానికి దుకాణం పక్కన ఒక మూల కూడా ఏర్పడింది. ఛీ, ఏం బతుకు!

కానీ ఇవాళ వేరు. ఇవాళ కూతురు వస్తోంది.

కూతురు ఈ దుకాణం మొహం ఎప్పుడూ చూడలేదు. చూడనివ్వలేదు. బడి నుంచి వస్తూ వస్తానంటే "రద్దీ తల్లీ" అనేవాడు, పెద్దయ్యాక వస్తానంటే "దుమ్ము తల్లీ" అనేవాడు. మొన్న ఫోన్ చేసింది. అల్లుడికి కొండల మీది ఊరికి బదిలీ అయింది. రేపు పొద్దున్నే సామానుతో, పిల్లతో కారులోనే ప్రయాణం. ఒకటే వాన. కారు నాలుగు చక్రాలూ కలిసి లాగే పెద్ద బండే కానీ టైర్లు గుండులా అరిగిపోయాయి.

"మా షాపు దూరం కదమ్మా, మీకు దగ్గర్లో ఏదైనా..." అన్నాడు మేస్త్రి.

"నువ్వుండగా పక్కవాడి దగ్గరికెందుకు నాన్నా? పిల్లతో ఆ కొండెక్కాలి. నువ్వు చూసి వేస్తే నాకు నిద్ర పడుతుంది."

మేస్త్రికి మాత్రం నిద్ర పట్టలేదు. నిన్న పొద్దున ఓనరును అడిగి, పోయిన నెల దిగిన సరుకులోంచి నాలుగు టైర్లు ఏరాడు. ఒక్కొక్కదాని అచ్చు వెలుతురులో పెట్టి చదివాడు. చదివి ఎన్నాళ్ళయిందో! బ్యాలెన్సింగ్ మెషీన్ పక్కన గోడకు వాటిని పేర్చి "ఇవి మావాళ్ళకి సార్" అన్నాడు. "మీవాళ్ళు మావాళ్ళు కాదా మేస్త్రీ?" అన్నాడు ఓనరు. ఆ మాటకు మేస్త్రి కళ్ళు చెమర్చాయి కూడా. పిచ్చి మారాజు!

మధ్యాహ్నం వెనక గదిలో బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని, అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి చెంచాతో నాలుగు మెతుకులు తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వాళ్ళు వచ్చేశారు. మనవరాలు అప్పటికే ఒక టైరులో దూరి కూర్చుంది.

"తాతా, ఇది నాకు సరిపోయింది!"

అల్లుడు నెమ్మదస్తుడు. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఎవరెవరో రాసిన సలహాలు. బురద టైర్లా, రోడ్డు టైర్లా, రెండూ కలిసినవా అని ముందురోజు నుంచీ మథనపడుతున్నాడట.

"ఇవి చూడు, ఎంత బలంగా ఉన్నాయో" అన్నాడు పెద్ద పెద్ద దిమ్మలున్న టైరును చూపించి.

"మనం అడవికి కాపురానికి వెళ్ళట్లేదు" అంది కూతురు. "ఆ రొదకి పిల్ల దారిపొడుగునా ఏడుస్తుంది."

"తెల్ల అక్షరాలున్నది కావాలి" అంది పిల్ల.

"మామయ్యా, పోనీ ముందు రెండే మార్చేస్తే?"

"ఈ బండికి కుదరదు బాబూ" అన్నాడు మేస్త్రి. "నాలుగు చక్రాలూ ఒకే కాడి మోసే ఎడ్లలాంటివి. రెండు పొడుగు, రెండు పొట్టి అయితే లోపలి గేర్లు కొట్టుకు చస్తాయి. నాలుగూ ఒక తల్లి బిడ్డల్లా ఉండాలి. రోడ్డువే తీసుకోండి. గాడి లోతుగా ఉంది, నీళ్ళు చీలుస్తుంది, చప్పుడు లేదు."

ఇన్నేళ్ళుగా కొనేవాళ్ళతో మాట్లాడుతున్నాడు కానీ, చెప్పిన మాట చెప్పినట్టు నిజం కావడం ఎంత హాయో ఇవాళే తెలిసింది. నోరు పుక్కిలించినట్టు ఉంది. హుషారుగా కారును లిఫ్ట్ ఎక్కించాడు. గోడ పక్కన పేర్చిన నాలుగు టైర్లనూ ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి రిమ్ములకు ఎక్కించాడు, తూకం చూశాడు, బిగించాడు. కూతురు పక్కనే నిలబడి చూస్తోంది. తండ్రి చేతులు ఇంత వేగంగా కదులుతాయని ఆమెకు తెలియదు. ఆ చూపు తగిలి మేస్త్రి ఇంకా వేగం పెంచాడు.

చివరి నట్టు బిగిస్తుండగా అల్లుడు మొహమాటంగా దగ్గరికొచ్చాడు.

"మీరుండగా అడగకూడదనుకోండి మామయ్యా. తేదీ చూసుకోమని రాశారిక్కడ. ఎక్కడుంటుందది?"

మేస్త్రికి ఏనుగెక్కినంత సంబరమైంది. తేదీ అడిగినవాళ్ళను ఎన్నిసార్లు మాటల్లో పెట్టి దారి మళ్ళించాడో! ఇవాళ ధైర్యంగా చూపించొచ్చు.

"రండి బాబూ, మీ కళ్ళతో మీరే చూసుకోండి!" అని గాజుగదికి వినపడేలా అన్నాడు. వంగి టైరు పక్కన చూశాడు. అచ్చు లేదు. రెండో చక్రం చూశాడు. అక్కడా లేదు. నాలుగూ లోపలికే వేశాడు. మంచివి ఏరి మరీ తెచ్చుకున్నా దొంగ చేతికి దొంగ అలవాటే వచ్చింది.

"చూడండి నా బుద్ధి! అలవాటులో అచ్చు లోపలికి పోయింది" అని నవ్వుతూ దీపం పట్టుకుని లిఫ్ట్ కిందికి దూరాడు. అల్లుడూ, వద్దంటున్నా పిల్లా వెనకే దూరారు. టైరు మీద పాలిష్ ఇంకా తడిగా మెరుస్తోంది. బొటనవేలితో గట్టిగా రుద్దాడు. అంకెలు తేలాయి.

మేస్త్రి చదివాడు. దీపం దగ్గరగా పెట్టి మళ్ళీ చదివాడు. పక్క చక్రం రుద్దాడు. అవతలి రెండూ రుద్దాడు. నిన్న తాను ఏరినవి ఇవి కావు.

గాజుగదిలోంచి ఓనరు చూస్తున్నాడు. తల చిన్నగా అడ్డంగా ఊపాడు, వద్దు అన్నట్టు.

"ఎప్పటివి మామయ్యా?" అన్నాడు అల్లుడు. ఆ నాలుగంకెలు ఎలా చదవాలో అతనికి తెలియదు. పోయిన నెలవే బాబూ అంటే చాలు, అయిపోయేది. ఆ మాట మేస్త్రి నాలుకకు కంఠతా వచ్చు. ఎంతమందికి చెప్పలేదు? ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే మధ్యాహ్నం తిన్న అన్నం కూడా వచ్చింది.

"తాతా, నాకంటే చిన్నదా?" అంది పిల్ల.

"కాదమ్మా" అన్నాడు మేస్త్రి. "నీకంటే పెద్దది."

అల్లుడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఓనరు పరుగున వచ్చి మేస్త్రిని పక్కకు లాగాడు. "నువ్వు అన్నానికెళ్ళినప్పుడు ఒకాయన వచ్చాడు. టైరు తిరగేసి మరీ చూశాడు. గోడ పక్కనున్న నాలుగూ ఆయనకిచ్చేసి, వాటి చోట ఇవి పెట్టించా."

"అవి మావాళ్ళకని చెప్పాను కదండీ!"

"అందుకేగా ఇచ్చింది! మీవాళ్ళు అడగరు కదా. నువ్వున్నావన్న నమ్మకం వాళ్ళకి."

ఆ నాలుగూ కూతురికి దక్కకుండా చేసింది తన మీది నమ్మకమేనన్నమాట.

"రెండ్రోజులాగు, కొత్తవి తెప్పిస్తా. అయినా మేస్త్రీ, నిన్న సాయంత్రం వీటికి పాలిష్ కొట్టిందెవరు? నేనా? నీ కూతురి దగ్గరికొచ్చేసరికి నీతులు గుర్తొచ్చాయా?" ఓనరు గొంతు కారు దగ్గరున్నవాళ్ళకూ వినిపించింది.

నిజమే మరి! నిన్న సాయంత్రం ఇవే టైర్లు, ఇదే చెయ్యి. అప్పుడు అవి ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళ పిల్లల కిందికి పోవాల్సినవి. మేస్త్రికి అసహ్యం వేసింది. ఓనరు మీద వేసింది కొంచెమే. వాడు వ్యాపారం చేశాడు. పని చేసింది తను. దుకాణం పక్కన తన మూలకు వెళ్ళి తిన్నదంతా కక్కేశాడు.

మూతి తుడుచుకుని వచ్చి నాలుగు చక్రాలూ విప్పాడు. నాలుగు టైర్లూ ఊడదీశాడు. అరిగిన పాతవి మళ్ళీ ఎక్కించాడు. పిల్ల భయపడి వచ్చి చెయ్యి పట్టుకుంటే చక్రం దించుతూ ఒక్క క్షణం పట్టుకోనిచ్చాడు. అంతలో కూతురు పిల్లను దగ్గరికి లాక్కుని, సంచిలోంచి తడి కాగితం తీసి, ఆ చిన్న అరచెయ్యి తుడిచింది. మళ్ళీ ఇంకోటి తీసి తుడిచింది. మూడోది తీసేటప్పుడు తండ్రి చూస్తున్నాడని గమనించి ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ ఇదేనా నాన్నా?" అంది మెల్లగా.

"ఇదేనమ్మా."

"మాలాంటి వాళ్ళకేనా?"

"మీలాంటి వాళ్ళకే."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చేతిలో ఉన్న కాగితం వైపు చాలాసేపు చూసింది. ఆ నలుపుతోనే తన బడి ఫీజులు, పుస్తకాలు, పెళ్ళి చీర అన్నీ వచ్చాయని లెక్క వేసుకుంటోందేమోనని మేస్త్రికి అనిపించింది. భూమి చీలితే బాగుండునని కూడా అనిపించింది.

"రేపటి ప్రయాణం ఆపేద్దాం" అన్నాడు అల్లుడు. "ఇంకో షాపు చూద్దాం. మామయ్యా, మీరూ రండి. అక్కడైనా చూసేవాళ్ళు ఒకరు కావాలి."

"నేనా బాబూ?" అన్నాడు మేస్త్రి. "నన్ను నమ్మి..." మాట పూర్తి కాలేదు.

కూతురు వెనక తలుపు తీసి పట్టుకుంది. "ఎక్కు నాన్నా."

"బట్టలు... సీటుకి అంటుకుంటుందమ్మా."

"అంటితే అంటనీ. ఎక్కు."

మేస్త్రి ఎక్కాడు. ఎక్కడా ఆనకుండా, చేతులు ఒళ్ళో బోర్లించి పెట్టుకుని అంచు మీద కూర్చున్నాడు. "మేస్త్రీ, రేపు తొందరగా రా, లోడొస్తుంది" అని ఓనరు వెనకనుంచి కేకేశాడు. మేస్త్రి తల తిప్పలేదు. ఆ మర్నాడు లోడు వచ్చింది, దించుకున్నవాళ్ళు దించుకున్నారు. మేస్త్రి మాత్రం ఆ దుకాణంలో మళ్ళీ అడుగుపెట్టలేదు.

కారు అరిగిన టైర్ల మీద జాగ్రత్తగా, వాననీళ్ళు తప్పించుకుంటూ మలుపు తిరిగింది. ఖాళీ లిఫ్ట్ కింద నాలుగు టైర్లు అచ్చు పైకి పడి ఉన్నాయి. ఒంటినిండా నల్లగా మెరుస్తున్న ఆ రబ్బరు మీద, ఒక్కొక్కదానికి ఒక్కచోట, బొటనవేలంత మేర పాలిష్ పోయి బూడిదరంగు బయటపడి ఉంది.