కదలడం లేదు

ప్రతి ఇంట్లోనూ ఆ పనికి ఒక మర్యాద పేరుంటుంది. కొందరు బయటికంటారు, కొందరు దొడ్డికంటారు, బడికెళ్ళే పిల్లలు రెండోది అంటారు. గూడూరులో కెజియా పుట్టింట్లో దాన్ని కదలడం అనేవారు. వాళ్ళ నాయనమ్మ పొద్దున్నే పిల్లల్ని వరసగా నిలబెట్టి ‘కదిలిందా’ అని అడిగేది, కదలనివాళ్ళకి టిఫిను పెట్టేది కాదు. పెళ్ళయి దొరవారిసత్రం దగ్గరి పల్లెకి కాపురానికి వచ్చాక, అత్తగారింట్లో దాన్నేమంటారో కెజియా తెలుసుకోలేదు. కొత్త కోడలు అడగగలిగిన ప్రశ్నా అది? అడిగి ఉంటే మాత్రం ఆ శుక్రవారం ఊరంతా ఏడ్చేది కాదు.

అప్పటికి ఆమెకి ఏడో నెల. ఒంట్లో రక్తం బొత్తిగా లేదు. గోళ్ళు పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. ఆశా కార్యకర్త పుష్పకుమారి ఇంటికొచ్చి, ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోకపోతే కాన్పు వేళ తల్లికీ బిడ్డకీ కూడా కష్టమని అత్త రెబెక్కమ్మ ముందే గట్టిగా చెప్పి వెళ్ళింది. ఆనాటి నుంచి రెబెక్కమ్మ రోజూ భోజనం కాగానే మాత్ర చేతిలో పెట్టి, కోడలు మింగేదాకా గుడ్లప్పగించి చూస్తూ నిలబడేది. మంచి మనిషే. కానీ ఆవిడ ప్రేమ పోలీసు కాపలాలా ఉంటుంది.

మాత్రలు రక్తాన్ని ఎంత పెంచాయో గానీ, కడుపుని మాత్రం బిగదీసేశాయి. మొదట్లో రోజు విడిచి రోజు, అదీ నల్లగా, గులకరాళ్ళలా. చివరికి అదీ ఆగిపోయింది. పోయిన ఆదివారం చర్చికి బయలుదేరే ముందు ఏదో అయిందనిపించింది, అంతే. కడుపు పైన బిడ్డ, కింద బండ. కూర్చుంటే గుచ్చుతుంది, పడుకుంటే ఉబ్బుతుంది, నిలబడితే నడుము విరుగుతుంది. అన్నం చూస్తే ఇది కూడా లోపలికే కదా పోయేదని భయం వేసేది.

చేయని వైద్యం లేదు. అరటిపండ్లు తిన్నది. ఎండుద్రాక్ష నానబెట్టుకుని తిన్నది. నీళ్ళు బాగా తాగమని అందరూ చెప్పారు గానీ ఆ పల్లెలో బోరు నీళ్ళు నోట్లో పెట్టలేని ఉప్పన. తాగేవి క్యాను నీళ్ళు. ఇంటిల్లిపాదీ సర్దుకునే క్యానుని తానొక్కతే ఖాళీ చేస్తే ఏం బాగుంటుందని గ్లాసు సగంలోనే ఆపేసేది. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో లోడింగు చేయించే భర్త జడ్సన్‌కి ఒక సాయంత్రం సిగ్గు విడిచి చెప్పుకుంది. అతను ముందు నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకుని మందుల షాపుకి పరిగెత్తాడు. ఎవరికని అడిగి, కడుపుతో ఉన్న మనిషికని తెలియగానే షాపతను డాక్టరుకి చూపించకుండా ఏమీ ఇవ్వనన్నాడట. పక్కింటి పెరట్లో బొప్పాయి పండ్లు పసుపు పచ్చగా వేలాడుతున్నాయి. ఈ రోగానికి బొప్పాయిని మించింది లేదని చెప్పినవాళ్ళే, కడుపుతో ఉన్నవాళ్ళు దాని వంక కూడా చూడకూడదని చెప్పారు. కెజియా గోడ పక్కన నిలబడి ఆ పండ్లనే చూసేది. చూస్తూ చూస్తూ ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఒక రెండు రోజులు మాత్రని నాలుక కింద దాచి జామచెట్టు మొదట్లో ఉమ్మేసింది కూడా. తర్వాత రక్తం లేక బిడ్డకేమైనా అయితేనో అని భయపడి, మూడో రోజు తానే అడిగి మరీ మింగింది.

ఇంత బాధలోనూ ఆమె చేయని పని ఒకటుంది. గట్టిగా ముక్కేది కాదు.

దానికి కారణం ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు. రెండేళ్ళ కిందట మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. పోయింది ఈ ఇంటి బాత్‌రూములోనే. అప్పుడూ ఇలాగే మలబద్ధకం. పళ్ళు బిగబట్టి ముక్కుతుంటే నడుములో కలుక్కుమంది, కాళ్ళ వెంట రక్తం కారింది. అరుపు విని పరిగెత్తుకొచ్చిన రెబెక్కమ్మ కోడల్ని పొదివి పట్టుకుని, గట్టిగా ముక్కినావా మే అని అడిగింది. అంతే అడిగింది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, వేడినీళ్ళు పోసింది, చారన్నం కలిపి తినిపించింది. కానీ కెజియా లోపల అది తీర్పులా నిలిచిపోయింది. బిడ్డని నేనే తోసేశాను అనుకుంది. చర్చి నుంచి ఆదరించడానికి వచ్చినవాళ్ళు దేవుని చిత్తం అన్నప్పుడల్లా తల దించుకునేది, దేవుడి మీద నింద పడుతోందే అని.

అందుకే ఇప్పుడు అక్కడ కూర్చున్నప్పుడల్లా రెండు చేతులూ కడుపు కింద పట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుని, ఏమీ కాకుండానే లేచి వచ్చేసేది. ముక్కితే బిడ్డ పోతుంది. ముక్కకపోతే తాను పోయేలా ఉంది. మాత్ర మానేస్తే ఇద్దరూ పోతారు. ఎటు చూసినా దారి లేదు.

ఆ శుక్రవారం వాళ్ళింట్లోనే స్త్రీల ఉపవాస ప్రార్థన. ముందు గదిలో చాపలు పరిచారు, పది పన్నెండుమంది ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. వంటింట్లో కెజియా గట్టు పట్టుకుని వంగిపోయింది. చెమటలు పట్టాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. పాటల పుస్తకం కోసం లోపలికి వచ్చిన అత్త కొంగు పట్టుకుంది. ఇక దాచలేక, ఉన్న ఒక్క మర్యాద మాటలోనే చెప్పింది.

“అత్తా, కడుపు కదలడం లేదు. నాకు భయంగా ఉండాది.”

రెబెక్కమ్మ ముఖం తెల్లబోయింది. కోడల్ని భుజాలు పట్టుకుని ముందు గదిలోకి నడిపించుకుని వెళ్ళి, అందరి ముందూ కూర్చోబెట్టి, అడిగింది.

“ఎప్పటి నుంచి మే?”

కెజియాకి తల కొట్టేసినట్టయింది. వంటింట్లో చెవిలో చెప్పింది పదిమందిలో పెడుతుందా ఈవిడ? పాస్టరమ్మ కూడా ఉందే. భూమిలోకి కుంగిపోతూ, చాప వంక చూస్తూ, గొణిగింది.

“పోయిన ఆదివారం నుంచి.”

గది గొల్లుమంది. ఒకామె గుండెలు బాదుకుంది. పాస్టరమ్మ మోకాళ్ళ మీద పడి ప్రభువా ఈ గర్భాన్ని ముట్టుము అని మొదలుపెట్టింది. ఎవరో ఆటో కోసం వీధిలోకి పరిగెత్తారు. కెజియా బిత్తరపోయి చూస్తోంది. మలబద్ధకానికి వీళ్ళింత ఏడుస్తారా అనుకుంది. అంత నొప్పిలోనూ వీళ్ళు తన కోసం ఏడుస్తున్నందుకు కాస్త సంతోషం కూడా వేసింది.

ఆటో నాయుడుపేట రోడ్డెక్కాక గానీ ఆమెకి సంగతి అర్థం కాలేదు. పక్కనే కూర్చున్న రెబెక్కమ్మ కోడలి కడుపు మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డని కూడా తీసుకుపోతావా దేవా అని ఏడుస్తోంది. అప్పుడు తెలిసింది కదలనిది ఏమిటనుకుంటున్నారో. కెజియా గబుక్కున అత్త చెయ్యి పట్టుకుంది. అది కాదత్తా, బిడ్డ కదలతానే ఉండాడు అనబోయింది.

అనలేకపోయింది. ఎప్పుడు కదిలాడు?

ఈ పొద్దున కదిలాడా? గుర్తు లేదు. నిన్న? నిన్నంతా అరటిపండ్లు, వేడినీళ్ళు, బాత్‌రూము చుట్టూ తిరగడమే. ఈ మధ్య కడుపులో ఏది కలుక్కుమన్నా గాలే అనుకుంది, ఏది గట్టిగా తగిలినా ఆ బండే అనుకుంది. రెండు అరచేతులూ కడుపుకి అదిమిపెట్టింది. బిగిసిపోయి ఉంది, చలనం లేదు. లోపలున్న బిడ్డని మరిచిపోయి పేగుల గురించి ఏడుస్తూ కూర్చున్నాను అనుకుంది. ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది. ఆమె ఇప్పుడు నిజంగానే, అత్త కంటే గట్టిగా ఏడ్చింది. నాన్నా ఒక్కసారి కదులు, ఒక్కసారి తన్ను, నా పేగులు కుళ్ళిపోయినా ఫర్వాలేదు అని బతిమాలింది.

నాయుడుపేటలో డాక్టర్ అనూష నర్సింగ్ హోము. సంగతి వినగానే కూర్చున్నవాళ్ళని ఆపి ముందు వీళ్ళని లోపలికి పిలిచారు. బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద జెల్ రాసి, చేతిలో పట్టేంత మిషను ఒకటి ఆనించారు. గరగరమంది. జరిపారు. మళ్ళీ గరగర. రెబెక్కమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. కెజియా కళ్ళు మూసుకోలేదు, డాక్టరు ముఖాన్నే చూస్తోంది. ఇంకొంచెం కిందకి జరిపారు. అప్పుడు వినిపించింది, దడదడదడమని, పరిగెత్తుతున్నట్టు.

బిడ్డ బాగానే ఉన్నాడని డాక్టరు చెప్పారు. ఆదివారం నుంచి కదలకపోవడమేమిటని అడిగారు. కెజియా వెక్కుతూ, మొత్తం చెప్పింది. కదలనిది వేరే అని చెప్పింది, మాత్రల గురించి, మింగకుండా ఉమ్మేసినవాటి గురించి, సగంలో ఆపేసే నీళ్ళ గురించి చెప్పింది. రెబెక్కమ్మ కళ్ళు తెరిచి కోడల్ని ఎగాదిగా చూసింది. ఊళ్ళో పన్నెండుమంది ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నారు.

డాక్టరు నవ్వలేదు. ఐరన్ మాత్రలతో చాలామందికి ఇలా అవుతుందని, ఉమ్మేయడం మాత్రం తప్పేనని అన్నారు. మాత్ర రకం మారుస్తానన్నారు, తాగడానికి ఒక సిరప్ రాశారు, నీళ్ళు ఇంకో క్యాను కొనుక్కోమని రెబెక్కమ్మ వైపు చూసి చెప్పారు. కింద నుంచి మందు పెడతాం, కాసేపట్లో అయిపోతుంది, భయపడకుండా కూర్చో అన్నారు. ఇంకోసారి బిడ్డ కదలిక తగ్గినట్టు అనుమానమొస్తే మాత్రం ఇలాగే వెంటనే రమ్మన్నారు.

కెజియా బల్ల దిగలేదు.

“మేడం, ముక్కితే బిడ్డ పడిపోదా?”

“పడిపోదమ్మా. గట్టిగా ముక్కితే నీకు మొలలొస్తాయి. దానికి బిడ్డ పోదు.”

“అప్పుడు పోయింది మేడం. నాలుగో నెల్లో. నేను ముక్కినాను, పోయింది.”

డాక్టరు చేతిలోని చీటీ పక్కన పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఆ నెలల్లో పోయేవాటికి లోపల వేరే కారణాలుంటాయని, చాలాసార్లు ఆ కారణమేమిటో డాక్టర్లకి కూడా తెలియదని నెమ్మదిగా చెప్పారు.

“నువ్వు ఆ రోజు మంచం దిగకపోయినా పోయేదే తల్లీ. ఆ బిడ్డ నీ వల్ల పోలేదు. ఎవరు చెప్పారు నీకిట్లా?”

కెజియా అత్త వైపు చూడకూడదనుకుంది. కానీ చూసింది. రెబెక్కమ్మ అయోమయంగా ఆమెనే చూస్తోంది.

“నేనేమన్నా అన్నానా మే? అంటే ఎప్పుడన్నాను?”

ఆవిడకి గుర్తే లేదు. కెజియా రెండేళ్ళు మోసిన మాట, అన్న మనిషికి అన్నట్టే తెలియదు. ఏం లేదత్తా అని కెజియా బల్ల దిగింది. రెబెక్కమ్మ మాత్రం అక్కడే నిలబడి ఆలోచిస్తూ ఉండిపోయింది. కాసేపటికి ఆవిడ చెయ్యి తన నోటి మీదికి వెళ్ళింది.

నర్సు మందు పెట్టి, కాసేపు పడుకోబెట్టి, బాత్‌రూముకి పంపింది. కెజియా తలుపు గడియ వేసుకుంది. అలవాటుగా రెండు చేతులూ కడుపు కిందికి పోయాయి. తీసేసింది. తీసిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుంది. నొప్పి మెలితిప్పింది. ప్రాణం పోతోందనిపించింది. చివరికి అయింది. ఒళ్ళంతా తేలికైపోయి, గోడకి తల ఆనించి, గాలి పీల్చుకుంది. లోపలున్నవాడు పక్కటెముకల కింద గట్టిగా ఒక్క తన్ను తన్నాడు.

అప్పుడు వచ్చింది ఏడుపు. రెండేళ్ళుగా ఆ పాప కోసం ఆమె ఒక్కసారి కూడా ఏడవలేదు. చంపినదాన్ని నేనే అయినప్పుడు ఏడ్చే హక్కు నాకెక్కడిదనుకుంది. ఇప్పుడు కొళాయి తిప్పి, ఆ చప్పుడులో నోరంతా తెరిచి ఏడుస్తోంది. ఆడపిల్ల. నాలుగు నెలలకే తెలుస్తుందా అంటే తెలియదు, కానీ ఆమెకి మొదటి నుంచీ ఆడపిల్లే. పెట్టుకుందామనుకున్న పేరు కూడా ఉంది.

తలుపు అవతల నుంచి రెబెక్కమ్మ గొంతు వినిపించింది.

“ఇంకా నొప్పిగా ఉండాదా మే?”

“నొప్పి పోయింది అత్తా. ఆ పాప కోసం ఏడస్తా ఉండా.”

గోడ వెంట ఒక మనిషి నేల మీదికి జారి కూలబడిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఎవరో వచ్చి తలుపు కొట్టారు, ఎంతసేపమ్మా, మేమూ పోవాలి అని విసుక్కున్నారు. వాళ్ళకి రెబెక్కమ్మే జవాబు చెప్పింది.

“లోపల మా కోడలు ఉండాదమ్మా. ఇంకో బాత్‌రూము చూసుకోండి. ఆ బిడ్డకి టైం పడతాది.”