నేల తాకకూడని కాలు

వేట నుంచొచ్చిన పడవను లాగుతుంటే అంచు తగిలి బైరాగి కుడి మోకాల్లో గుజ్జు ముక్క ఊడిపోయింది. రెండేళ్లు కుంటుతూనే వేటకెళ్లాడు. చివరికి పడవెక్కడమే కష్టమైంది. విశాఖపట్నంలో పరిశోధన కింద కొత్త వైద్యం చేస్తున్నారని రెండువేల ఎనిమిదిలో పలాస డాక్టరు చీటీ రాసిచ్చాడు.

"నీ గుజ్జులోంచి తీసిన కణాలనే ఈ అల్లికలో పెంచాం," అంది అక్కడి డాక్టరమ్మ. "మోకాల్లో పెడితే అవి కొత్త గుజ్జు కడతాయి. అల్లిక దానంతటదే కరిగిపోతుంది."

"పోగు ఏపాటి సన్నమమ్మా?" వలలల్లే బైరాగికి అదే సందేహం.

"నీ వెంట్రుకలో వెయ్యోవంతు. నెలన్నర దాకా కాలు నేల తాకకూడదు. బరువు పడితే ఊడొస్తుంది. మళ్లీ పెట్టడానికుండదు."

ఆ ఆఖరి మాట భార్య నారాయణమ్మ గుండెల్లో నాటుకుంది. ఇంటికొచ్చాక ఆమె కాపలా ముందు పోలీసులు దిగదుడుపే. మొగుణ్ణి పెళ్లికొడుకులా కూర్చోబెట్టిందని వాడంతా నవ్వినా లెక్కచేయలేదు. ఆమె భయం ఆమెది. అలల్లో పడవ కష్టంలో ఉంటే ఒడ్డునున్నవాడు, పగవాడైనా సరే, తాడు అందుకోవాలన్నది ఆ ఊరి కట్టుబాటు. ఆ తాడు కోసం మొగుడు ఎక్కడ లేస్తాడోనని.

ముప్ఫైమూడో రోజు పొద్దున్న నారాయణమ్మ తమ్ముడు గోవింద్ పడవ ఒడ్డుకు దగ్గర్లోనే తిరగబడింది. మగాళ్లంతా ఇంకా వేటలోనే ఉన్నారు. గోవింద్ దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. పడవ తాడు లాగడానికి ఇద్దరు ముసలాళ్లు, ఆరుగురు ఆడాళ్లే. తాడు జారిపోతోంది. నారాయణమ్మ ఇంటివైపు తిరిగి గొంతు చించుకుంది.

"మావా! రా మావా!"

బైరాగి చంకకర్రలు పారేసి పరుగెత్తాడు. తాడు నడుముకు చుట్టుకుని కుడిమడమ ఇసకలో దిగేశాడు. పడవ వచ్చింది. గోవింద్ బతికాడు. బైరాగి మాత్రం లేవలేకపోయాడు.

విశాఖలో డాక్టరమ్మ స్కానింగు ఫిల్ము చూసి తల పట్టుకుంది. "చిలక్కి చెప్పినట్టు చెప్పానుగదయ్యా! ఎవరెళ్లమన్నారు?"

"ఎవులూ లేదమ్మా. నానే ఎల్లినాను."

ఆ అబద్ధం చాటున నారాయణమ్మ నిలబడలేకపోయింది. "నానే పిలిసినానమ్మా. తమ్ముడి కోసం ఈయన కాలు నానే తీసేసినాను."

బైరాగి తల దించుకున్నాడు.

"అరుపులు ముందే ఇన్నానే. గోవిందని తెలుసు. కాలు పోద్దని గుమ్మంలోనే కూకుండిపోనాను. నువ్వు పిలవకపోతే లేసేవోణ్ణి కాదు."

నారాయణమ్మ పక్కన కూర్చుని, పాడైన ఆ మోకాలి మీద చెయ్యి వేసింది.