నిమ్మమొక్క కింద గది

నేను ఒక లాంతరును. మిట్టమధ్యాహ్నం, కళ్ళు జిగేలుమనే ఎండలో నన్ను మొట్టమొదట వెలిగించిన మనిషి ఒకాయన. ఆయన పేరు ఎల్లప్ప. గుత్తిలో బావులు తవ్వే మేస్త్రీ. ఆ సంగతి చెప్పేముందు నేనెలా గుత్తి చేరానో చెప్పాలి.

ఉత్తరాన ఎక్కడో ఒక రేకుల ఫ్యాక్టరీలో పుట్టాను. ఒకరు నా అడుగు కొట్టారు, ఒకరు మెడ అతికారు, ఒకరు ఆకుపచ్చ రంగులో ముంచి ఎండలో వేలాడదీశారు. గడ్డి చుట్టి, పెట్టెలో సర్ది రైలెక్కించారు. గుత్తి బజారులో నన్ను కొన్నది మాబున్ని అనే ఆమె. బస్టాండు దగ్గర తోపుడుబండి మీద బొరుగులు, వేయించిన శనక్కాయలు అమ్మేది. పొద్దుగూకగానే నన్ను బండికి తగిలించేది. నా వెలుతురులో జనం మంచి గింజలన్నీ ఏరుకుని తిని, మిగిలినవి చూపించి "అన్నీ పుచ్చులే ఇచ్చినావే" అని దబాయించేవాళ్ళు. మాబున్ని నవ్వి, ఇంకో గుప్పెడు వేసేది.

ఆమె కూతురికి కాన్పు కష్టమైన రోజున సుగుణ అనే పడుచు నర్సు వచ్చి తల్లినీ బిడ్డనూ దక్కించింది. ఇవ్వడానికి ఇంకేమీ తోచక మాబున్ని నా గాజును కొంగుతో తుడిచి నన్ను ఆమె చేతిలో పెట్టింది. "కరెంటు లేని పల్లెలకు పోతుంటావు గదమ్మా, పెట్టుకో."

అలా నేను సుగుణమ్మ వెంట తిరిగాను. ఎన్ని పురుళ్ళు చూశానో లెక్క లేదు. లోపల ఆడమనిషి ప్రాణం మీదికి వస్తుంటే, బయట అరుగు మీద మగవాళ్ళు బీడీలు కాలుస్తూ, తాము ఎంత అవస్థ పడుతున్నారో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. తర్వాత పల్లెలన్నింటికీ కరెంటు వచ్చింది. కరెంటు పోయినప్పుడు మాత్రం నేను గుర్తొచ్చేదాన్ని. ఇన్వర్టరు వచ్చాక అదీ పోయింది.

సుగుణమ్మ పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక గుత్తి కొండ కింద ఒక పాతకాలపు ఇల్లు కొన్నది, ఇంటికంటే దాని వెనకున్న తోట చూసి. నన్ను తోటలోని రేకుల కొట్టంలో మేకుకు తగిలించింది. కొన్నాళ్ళకు ఆమె తమ్ముడు ప్రభాకర్, గుంతకల్లులో పెట్టిన సెల్‌ఫోన్ల షాపు మూతపడితే, అక్క దగ్గరికి వచ్చేశాడు. మనసు మంచిదే. ఆలోచన బయల్దేరకముందే కాళ్ళు బయల్దేరే రకం.

ఆ తోటలో ఒక నిమ్మమొక్క ఉండేది. బిందెలకు బిందెలు పోసినా దాని మొదట్లో నీళ్ళు నిలవవు. పోసిన నీళ్ళు జల్లెడలో పోసినట్టు పోయేవి. మొక్క వాడుతూనే ఉంది. సుగుణమ్మ ఒకరోజు అక్కడే గొంతుకూర్చుని, నేలకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. లేచి, "తమ్ముడూ, కింద నీళ్ళు కారుతున్న చప్పుడు" అంది. ఆ సాయంత్రమే ఎల్లప్పకు కబురు పెట్టింది.

ఎల్లప్ప తన కోడలు ఓబులమ్మను తోడు తెచ్చుకున్నాడు. ఆయన గడ్డపార వేస్తుంటే ఆమె మట్టి ఎత్తిపోసేది. మొక్క పక్కనే మోకాలి లోతు తవ్వేసరికి, నెర్రెలిచ్చిన సున్నపు గచ్చు తగిలింది. గచ్చు పగలగొడితే గుండ్రటి రాతిమూత. దాన్ని పక్కకు జరపగానే కింద నల్లటి రంధ్రం, ఒక మనిషి దూరేంత. అందులోంచి వచ్చిన వాసన కొట్టం దాకా వచ్చింది. కుళ్ళు వాసన కాదు. ఏళ్ళతరబడి మూసిపెట్టిన కాగు మూత తీస్తే వచ్చే వాసన.

ప్రభాకర్ టార్చిలైటు వేసి తొంగి చూశాడు. "అక్కా, అడుగు కనపడతాండాది! మూడు నిలువుల లోతుంటుంది. గచ్చు నేలక్కా. బావి కాదు. నేను దిగుతా."

"ఉండు సామీ," అన్నాడు ఎల్లప్ప. "లాంతరు ఉండాదేమ్మా ఇంట్లో?"

ప్రభాకర్ పకపకా నవ్వాడు. "ఇంత లైటు చేతిలో పెట్టుకుని లాంతరేంది పెద్దాయనా?"

"ఆ లైటు చచ్చే గాలిలోనూ వెలుగుతాది. లాంతరు వెలగదు. దానికి బతికే గాలి కావల్ల, మనకూ అదే కావల్ల."

సుగుణమ్మ వచ్చి నన్ను మేకు నుంచి తీసింది. వత్తి మార్చి, కిరసనాయిలు పోసింది. ఎల్లప్ప ఎండలోనే నన్ను వెలిగించి, పిడికి తాడు కట్టి దించాడు. ఒక నిలువు దిగేలోపే నా మంట నీలంగా మారింది. కుంచించుకుపోయి ఆరిపోయింది. పైకి లాగి మళ్ళీ వెలిగించి దించాడు. మళ్ళీ అక్కడే ఆరిపోయాను.

"ఈ పొద్దు ఎవురూ దిగేది లేదు," అన్నాడు ఎల్లప్ప. తాడు చుట్టుకుంటూ, ఎవరితోనూ కానట్టు మెల్లగా చెప్పాడు. "మా నాయన ఇట్లనే దిగినాడు. పత్తికొండ కాడ, ఒక పాడుబావిలోకి. బకెట్టు అడుగునుండాది, ఇప్పుడే తెస్తానన్నాడు."

ఆ మాట విన్నాక కూడా ప్రభాకర్ ఆగలేదు. గాలికి ఆరింది, వత్తి సరిగా లేదు, రెండే నిమిషాలు అన్నాడు. లోపల కాసుల బిందెలు ఉన్నాయని అప్పటికే అతని మొహం చెబుతోంది. అక్క వద్దంది. ఎల్లప్ప వద్దన్నాడు. ఇక ఆపలేనని తెలిసి, ఎల్లప్ప అతని చంకల కిందుగా తాడు బిగించి, రెండో కొస నిమ్మమొక్క పక్కనున్న రాతిస్తంభానికి చుట్టాడు.

"మాట్లాడతానే దిగు. మాట ఆగిందంటే లాగేస్తా."

ప్రభాకర్ టార్చిలైటు పట్టుకుని మాట్లాడుతూనే దిగాడు. "చల్లగా ఉందక్కా... గోడ నున్నగా ఉంది... ఇక్కడ ఏందో..." అంతే. మాట మధ్యలో తెగిపోయింది.

"లాగండి!" అని అరిచాడు ఎల్లప్ప. ముగ్గురూ తాడు పట్టుకున్నారు. రాతి అంచుకు రాసుకుని ఓబులమ్మ చేతులు నెత్తురయ్యాయి, అయినా వదల్లేదు. బయటికి వచ్చిన ప్రభాకర్ పెదాలు నేరేడుపళ్ళలా ఉన్నాయి. సుగుణమ్మ అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. ఏడవలేదు. పుట్టిన బిడ్డ ఏడవనప్పుడు ఆమె మొహం ఎలా ఉండేదో అలాగే ఉంది. పది పన్నెండు సార్లు ఊదాక అతను దగ్గి, కళ్ళు తెరిచాడు.

సుగుణమ్మ అతని చెంప మీద ఫెడీమని ఒకటి కొట్టింది. ఆ తర్వాత తల ఒళ్ళో పెట్టుకుని భోరుమంది.

"గూళ్ళుండాయక్కా," అన్నాడు ప్రభాకర్. "గోడ నిండా గూళ్ళు."

ఆ మాట ముగ్గురినీ పట్టుకుంది. మర్నాటి నుంచి ఎల్లప్ప, ఓబులమ్మ వేపమండలు పెద్ద మోపుగా కట్టి, తాడుతో దించి, గంటలకొద్దీ కిందికీ పైకీ ఊపారు. లోపలి గాలి కదిలి బయటికి రావాలని. ఊళ్ళో సంగతి పాకి గోడ మీద తలలు లేచాయి. ఒకాయన నల్లకోడిని పట్టుకొచ్చి, దాన్ని కోస్తే నిధి తానే పైకి వస్తుందన్నాడు. "కోడిని ఇచ్చి పో, కూర వండుకుంటాం," అంది సుగుణమ్మ. అతను కోడిని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రోజూ మిట్టమధ్యాహ్నం నన్ను వెలిగించి దించేవారు. రెండో రోజు రెండు నిలువుల దాకా బతికాను. మూడో రోజు నేల కనబడే దాకా. నాలుగో రోజు నేలకు ఆనాను. మంట నిలిచింది. గంటసేపు అలాగే ఉంచారు.

"ఇంగ దిగొచ్చు," అన్నాడు ఎల్లప్ప.

"నేను దిగుతా," అంది సుగుణమ్మ.

"నువ్వామ్మా?"

"ఇన్నేళ్ళూ చీకటి ఇండ్లల్లోకి దీన్ని పట్టుకునే గదా పోయినాను."

నిచ్చెన దించారు. ఆమె దిగి నన్ను చేతిలోకి తీసుకుని ఎత్తి పట్టింది.

గుండ్రటి గది. గోడలు, పైకప్పు అంతా ఒకే గచ్చు, కోడిగుడ్డు లోపలిలా నున్నగా. చుట్టూ భుజమెత్తులో గూళ్ళు. ఆమె వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది, ఇరవై మూడు. ప్రతి గూటి నెత్తిన నల్లటి మసి. మసి ఏ నూనెదో నాకు తెలియకపోదు. అది ఆముదపు మసి. ఒక్క గూటికి మాత్రం మసి లేదు. తెల్లగా, నిన్ననే సున్నం వేసినట్టు ఉంది. సుగుణమ్మ దాని ముందు నిలబడి, లోపల చెయ్యి పెట్టి తడిమింది. ఏమీ లేదు.

ఉత్తరం వైపు గోడలో ఒక గుమ్మం ఉండేది. ఇటుకలతో మూసేశారు. ఆ ఇటుకల మీద గచ్చు పూసి నునుపు చేసింది లోపలి వైపు నుంచి. అంటే మూసినవాడు గది లోపలే నిలబడి మూశాడు. తర్వాత పైనున్న రంధ్రం గుండా ఎక్కి వెళ్ళి, మూత వేసి, మట్టి కప్పాడన్నమాట. గుమ్మం ఉండగా అంత అవస్థ ఎందుకు? నేల నడుమ బొటనవేలంత బొక్క ఉంది. నిమ్మమొక్కకు పోసిన బిందెల నీళ్ళన్నీ అందులోకే పోయాయి. ఎక్కడికి పోయాయో తెలియదు. నేల మాత్రం పొడిగా ఉంది.

కాసు లేదు, ఎముక లేదు, రాత లేదు.

మర్నాడు ప్రభాకర్ దిగాడు. నిచ్చెన ఒక్కో మెట్టునూ కాలితో తడిమి చూసుకుంటూ దిగాడు. ఒక గంట ఉన్నాడు. పైకి వచ్చి, నిధి మాట ఎత్తకుండా, "అక్కా, కొలిచే టేపు ఉందా?" అని అడిగాడు.

కొన్ని వారాలకు పురావస్తు శాఖ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన ధాన్యం కొట్టు అన్నాడు. ధాన్యానికి ఇరవై రెండు దీపాలెందుకని రెండో ఆయన అడిగి, తపస్సు చేసుకునే గుహ అన్నాడు. ఒక్కరి తపస్సుకు ఇన్ని గూళ్ళెందుకని మొదటాయన అడిగాడు. ఎల్లప్పను పిలిచి అడిగారు. ఆయన గోడను అరచేత్తో నిమిరి, "గచ్చు వేసినోడు మంచి పనోడు సార్. అంతవరకే నాకు తెలుసు," అన్నాడు. చివరికి కాగితంలో ‘ఉపయోగం తెలియదు’ అని రాసుకున్నారు. గది పాడుచేయొద్దని, వచ్చినవాళ్ళకు చూపించొచ్చని చెప్పి వెళ్ళారు.

నిమ్మమొక్కను పెళ్ళగించి నాలుగు గజాల అవతల నాటారు. ఇప్పుడది కాస్తోంది. రంధ్రం చుట్టూ ఎల్లప్ప చిన్న గట్టు కట్టాడు. ఆదివారాల్లో ఎవరో ఒకరు చూడటానికి వస్తారు. ప్రభాకర్ ముందు నన్ను దించి, కాసేపు ఆగి, ఆ తర్వాతే మనుషుల్ని దిగనిస్తాడు. తొందరపడే వాళ్ళను చూస్తే అతనికి కోపం వస్తుంది.

మొన్న ఒక ముసలామె వచ్చింది, పక్క పల్లె నుంచి, ఒక్కతే. గట్టు మీద చేతులానించి లోపలికి చాలాసేపు చూసింది.

"యెవురుండేవాళ్ళు నాయనా ఇందులో?"

ఒకప్పుడైతే ప్రభాకర్ దగ్గర దీనికి పది జవాబులు ఉండేవి. "తెలీదు పెద్దమ్మా," అన్నాడు. "ఇరవై రెండు గూళ్ళలో దీపం పెట్టినోళ్ళు ఇంగొకదాంట్లో ఎందుకు పెట్టలేదో కూడా తెలీదు. దిగి చూస్తావా?"

ముసలామె అడుగున వెలుగుతున్న నన్ను చూసింది. కొంగు నడుముకు బిగించింది.

"నిచ్చెన కదలకుండా పట్టుకో," అంది.