అడగకుండా రాగలవారు

బట్టలు మడతపెట్టడం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నాలుగు గౌన్లు, రెండు తువ్వాళ్లు, ఒక దుప్పటి. చేతులు ఊరుకోక అన్నీ విప్పేసి మళ్లీ మడతపెట్టింది. అన్నయ్య ఇంట్లో ఈ పనికి ఒక పూట పట్టేది. ఆరుగురి బట్టలు, ఆపైన బీన్స్ ఈనెలు తీయడం, పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకోవడం, పొయ్యి మీద పాలకు కాపలా. "ఎలాగూ కూర్చునే ఉంటావుగా" అనేది వదిన. పుట్టుకతోనే కాళ్లలో సత్తువ లేక చక్రాల కుర్చీలో పెరిగిన మనిషికి, కూర్చుని చేయగల పనులన్నీ వెతికి వెతికి అప్పజెప్పారు. ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం, "పాపం, ఏ పనీ చేసుకోలేదు, అన్నీ మేమే చూసుకోవాలి" అని నిట్టూర్చేవాళ్లు. ఆ నిట్టూర్పు వింటూనే ఆమె వంటింట్లో వచ్చినవాళ్ల కోసం ఉల్లిపాయలు తరిగేది. ఉల్లిపాయలు కాబట్టి కళ్లనీళ్లకు కారణం చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

ముప్పై తొమ్మిదేళ్లకు ఈ ఫ్లాటుకు వచ్చింది. తనలాంటివాళ్లు ఎవరింట్లో వాళ్లుండేలా కట్టిన భవనం ఇది. పొద్దునా సాయంత్రం సహాయకురాలు వచ్చి స్నానానికీ, మంచం మీదికి చేరడానికీ సాయం పట్టి వెళ్తుంది. మిగతా వేళంతా తనదే. నెల రోజులు ఉండి చూడమన్నారు, ఈరోజుతో నెల నిండింది. ఉంటానని సంతకం పెట్టాలి, లేదా అన్నయ్యతో బయల్దేరాలి. సంతకం ఎప్పుడో పెట్టేసేదే. అమ్మ పెట్టనివ్వడం లేదు.

అమ్మ పోయి మూడేళ్లయింది. అన్నయ్య ఇంటి గోలలో ఎప్పుడూ వినపడలేదు గానీ, ఇక్కడి నిశ్శబ్దంలోకి మొదటి రోజే వచ్చేసింది. అద్దం ముందు దువ్వెన పట్టుకుంటే చాలు, వెనక నిలబడి జడ అల్లుతున్నట్టు మెడకు వేళ్లు తగులుతాయి. చిన్నప్పుడు జడ వేసినప్పుడల్లా అమ్మది ఒకటే మాట. "దేవుడా, నాకంటే ఒక్కరోజు ముందు దీన్ని తీసుకెళ్లిపో." ప్రేమగానే అనేది. చివర్న నెత్తిన ముద్దు కూడా పెట్టేది. అది తన చావు గురించేనని అర్థమైన రోజున ఎనిమిదేళ్ల పిల్ల కదలకుండా కూర్చుంది. కదిలితే పాయలు జారిపోయి అమ్మ విసుక్కుంటుంది మరి. ఇప్పుడు ఈ గదిలో ఆమెకు నిజంగానే భయమేస్తోంది. అమ్మ కోరిక ప్రకారం అయితే ఇవన్నీ తను ఉండకూడని రోజులు. "ఒంటరిగా ఏం బతుకుతావే, వాడి దగ్గరికి వెళ్లిపో" అంటున్నాయి ఆ వేళ్లు.

మూడింటికి అన్నయ్య వచ్చాడు. బెల్లు కొట్టి, ఆమె కుర్చీ తిప్పుకుని వచ్చేలోపే తలుపు దబదబా బాదాడు.

"సామాను సర్దేశావా? అక్కడ మీ వదిన ఒక్కతే అవస్థ పడుతోంది. నువ్వు లేకపోతే ఏ పనీ తెమలడం లేదే."

"నేను ఏ పనీ చేసుకోలేనుగా అన్నయ్యా?"

"అది కాదమ్మా... ఇక్కడ పడిపోతే ఎవరున్నారు నీకు?"

"మొన్న మంగళవారం పడ్డాను. చేతికున్న బటన్ నొక్కితే ఐదు నిమిషాల్లో ఇక్కడివాళ్లు వచ్చి లేపారు. మనింట్లో పడ్డప్పుడు, మీరంతా పెళ్లికెళ్లి వచ్చేదాకా నేల మీదే ఉన్నాను."

అన్నయ్య మొహం కందగడ్డలా చేసుకున్నాడు. "అమ్మకు మాటిచ్చాను. నువ్వు కళ్లు మూసేదాకా చూసుకుంటానని."

మెడ మీద వేళ్లు బిగుసుకున్నాయి. ఆమె బల్ల మీది కాగితం దగ్గరికి లాక్కుంది. సంతకం చోటు కింద ఒక గడి ఖాళీగా ఉంది. 'మిమ్మల్ని అడగకుండా మీ ఇంట్లోకి రాగలవారు ఎవరు?'

వంగి చూసి, "ఇదేం ప్రశ్న? నా పేరు రాయి" అన్నాడు అన్నయ్య.

"ఆదివారం రా అన్నయ్యా, టీ పెడతాను. ముందు ఫోన్ చేసి రా."

అంటూనే సంతకం పెట్టింది. గడిలో 'ఎవరూ రాకూడదు' అని రాసింది. పెన్ను మూత పెట్టబోయి ఆగింది. పక్కనే ఇంకో మూడు మాటలు చేర్చింది.

'మా అమ్మ కూడా.'